దుర్యోధనుడి చేతికి వాచీ

(తిరుపతిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ గేమింగ్ క్లబ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. తడబాట్లు తీసేసి, మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీ దాకా వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచిన కుర్రాళ్లు ఫోన్ చేసి "టాపిక్ ఏమని వేయమంటారు సార్" అని అడిగారు. "ఫాంటసీ ఆటలో మనం కొత్తగా పెట్టే వస్తువు అక్కడే పుట్టినట్టు ఉండాలంటే ఏం చేయాలి" అన్నాను. పోస్టర్‌లో అంత చోటు లేదన్నారు. వస్తూ గేటు దగ్గర చూశాను, 'గేమ్ అసెట్స్, స్పెషల్ టాక్' అని వేశారు. స్పెషల్ ఏమీ లేదు, కంగారు పడకండి.

ముందు ఒక నాటకం సంగతి చెప్తాను.

భారతం చూసినవాళ్లు చేతులెత్తండి. టీవీలోది కాదు, ధర్మరాజుల గుడి దగ్గర జరిగేది. పర్వాలేదు, సగం మంది ఉన్నారు. తక్కినవాళ్లు వేరే జిల్లాల నుంచి వచ్చుంటారు, వాళ్ల కోసం రెండు ముక్కలు. మన చిత్తూరు, తిరుపతి వైపు పల్లెల్లో భారతం పెడతారు. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధి నాటకం. ఒకరోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. ఆఖరున దుర్యోధన వధ. మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ నేల మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఎంత పెద్దదంటే, ఈ స్టేజీ చాలదు.

నాకు పదేళ్లప్పుడు మా ఊరి నాటకంలో దుర్యోధనుడు చేతి వాచీ తీయడం మర్చిపోయాడు. బంగారు రంగు చైను వాచీ. నిండు సభలో గద పైకెత్తి పద్యం అందుకున్నాడు. రాగం పైకి పోతోంది, చెయ్యీ పైకి పోతోంది, ట్యూబులైటు వెలుగు పడి వాచీ తళుక్కుమంది. వెనక నుంచి ఎవరో "టైమెంతయిందప్పా దుర్యోధనా?" అని అరిచారు. అంతే. పద్యం పోయింది, సభ పోయింది. ఆయన లోపలికి వెళ్లి వాచీ విప్పి వచ్చినా జనం నవ్వు ఆపలేదు. పాపం, ఆ తర్వాత వచ్చిన ద్రౌపది ఏడుస్తుంటే కూడా నవ్వారు.

ఇందులో నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టిన విషయం ఒకటుంది. ఆ రాత్రి దుర్యోధనుడి మూతికి జానెడు దూరంలో మైకు వేలాడుతోంది. దాని గురించి ఎవరూ అరవలేదు. హార్మోనియం ఆయన పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. కిరీటం, భుజకీర్తులు చెక్కవి, అద్దం ముక్కలు అంటించినవి. ద్రౌపది మా ఊరి టైలరు. వీటన్నిటినీ జనం హాయిగా మింగేశారు. వాచీ దగ్గర మాత్రం గొంతుకి అడ్డం పడింది.

ఎందుకు? మైకు నాటకానికి బయటి వస్తువు. అది దుర్యోధనుడిది కాదు, మనది. మన చెవుల కోసం పెట్టింది. వాచీ అలా కాదు, అది దుర్యోధనుడి ఒంటి మీద ఉంది. అంటే హస్తినాపురంలో వాచీలున్నాయని ఆయన మనకి చెప్తున్నట్టు లెక్క.

ఇప్పుడు ఆటలోకి రండి. స్క్రీన్ మూల ప్రాణం ఎంత మిగిలిందో చూపే ఎర్ర గీత, అదే హెల్త్ బార్, ఉంటుంది, మ్యాపు ఉంటుంది, మెనూ ఉంటుంది. అవన్నీ మైకులు. వాటిని చూసి ఏ ప్లేయరూ "ఈ రాజ్యంలో ఎర్ర గీత గాల్లో ఎలా తేలుతోంది" అని అడగడు. కానీ ఆ లోకంలో నేల మీద మీరు పెట్టిన చెంబు, గోడకి తగిలించిన కత్తి, గూట్లో దీపం, ఇవి వాచీలు. వీటి దగ్గర మీకు మాఫీ లేదు.

కొందరంటారు, "డ్రాగన్లు ఎగిరే ఆటలో లాజిక్కేంటి సార్" అని. పుష్పక విమానం కథ విన్నప్పుడు మీ అవ్వని పెట్రోల్ ఎక్కడ పోస్తారని అడిగారా? అడగలేదు. అది కథ మొదట్లోనే మనతో ఒప్పందం చేసుకుని వచ్చింది. వాచీ ఒప్పందం లేకుండా దూరింది. డ్రాగన్ ఉంది కాబట్టి ఏదైనా పెట్టొచ్చు అనుకోకండి. డ్రాగన్‌ని నమ్మించడానికి చుట్టూ ఉన్న చెంబులూ తపేలాలూ ఇంకా గట్టిగా ఉండాలి.

నా మొదటి వాచీ కథ కూడా చెప్పేస్తాను, దాచుకోవడం ఎందుకు. స్కైరిమ్ అనే ఫాంటసీ ఆట 2011 నవంబర్‌లో వచ్చింది. ఆ ఆటలో మార్పులు చేసుకోవడానికి వాళ్లే క్రియేషన్ కిట్ అనే టూల్‌ని 2012 ఫిబ్రవరిలో ఉచితంగా ఇచ్చారు. నేనప్పుడు బీటెక్. పరీక్షలు వదిలేసి ఒక కత్తి చేశాను. పిడికి సింహం తల, కళ్లలో కెంపులు. చూడటానికి నిజంగా బాగుండేది, ఇప్పటికీ అంటాను. డ్యామేజ్, అంటే దెబ్బ బలం, 100 పెట్టాను, బరువు 1, ధర లక్ష.

ఇప్పుడు ఆ లోకం లెక్కలు చూడండి. మామూలు ఇనప కత్తి డ్యామేజ్ 7, బరువు 9, ధర 25. ఉక్కు కత్తి 8, 10, 45. పైకి పోయేకొద్దీ మూడూ కలిసే పెరుగుతాయి. డేడ్రిక్ కత్తి, అంటే అక్కడ దాదాపు అన్నిటికన్నా పైన ఉండేది, డ్యామేజ్ 14, బరువు 16, ధర 1250. ఈ అంకెల్లోనే ఆ లోకం నీతి ఉంది. బలం కావాలా, బరువు మొయ్యి. మొదట్లో మీరు మోయగలిగేది 300 మాత్రమే. నా కత్తి ఈకంత తేలిక, ఏనుగంత బలం. రెండు గంటల్లో ఆటంతా చప్పబడిపోయింది. అమ్ముదామంటే అక్కడి వ్యాపారుల్లో చాలామంది దగ్గర వెయ్యి నాణేలు కూడా ఉండవు, లక్ష ఎవడిస్తాడు? సింహం తల అద్భుతంగా కుదిరింది, కత్తి మాత్రం వేరే లోకం నుంచి ఊడిపడింది.

అందుకే చెప్తాను, వస్తువు నమ్మించేది బొమ్మతో మాత్రమే కాదు. దాని బరువు, ధర, పేరు, ఎవరి దగ్గర దొరుకుతుంది, కింద పడితే ఏం చప్పుడు చేస్తుంది, ఇవన్నీ కలిసి మాట్లాడతాయి. మాడ్లు, అంటే ఆటకి ఇలా సొంత మార్పులు చేసేవాళ్లు 'లోర్ ఫ్రెండ్లీ' అనే మాట వాడతారు, ఆ లోకం పాత కథలతో పొసిగేది అని, విన్నారుగా. మంచి మాటే, కానీ ఈ మధ్య ఐఎస్ఐ మార్కులా అందరూ అతికించేసుకుంటున్నారు. పాత పురాణంలో పేరు ఉన్నంత మాత్రాన వస్తువు ఆ లోకానిది అయిపోదు.

మరి ఏం చేస్తే ఆ లోకానిది అవుతుంది? నా దృష్టిలో ఈ విషయంలో బాగా పండిన పాత ఆట ఒకటుంది, మారోవిండ్, 2002. అగ్నిపర్వతం చుట్టూ ఉన్న దీవి. అక్కడ గుర్రాలు లేవు. మరి జనం ఊరి నుంచి ఊరికి ఎలా పోతారు? తాటిచెట్టంత కాళ్లున్న పురుగు మీద. దాని పెంకు తొలిచి కూర్చునే చోటు చేస్తారు. కవచాలు? పురుగుల పెంకుతోనూ ఎముకతోనూ. గుడ్లు? కోళ్లవి కావు, గనుల్లో పెద్ద పురుగులు పెడతాయి. ఒక ఊళ్లో పెద్దలుండే పేటంతా ఎప్పుడో చచ్చిన పెద్ద పీత డిప్పలో ఉంటుంది. ఇంత చూశాక ఆ ఆటలో ఎవరైనా ఒక మాడ్ చేసి తోలు జీను, గుర్రం నాడా గోడకి తగిలించారనుకోండి. ఎంత అందంగా చేసినా ప్లేయర్ కన్ను అక్కడ చిక్కుకుంటుంది. తప్పు వస్తువులో లేదు. దాని వెనక ఉండాల్సిన గుర్రం లేదు.

ఇదీ నేను మీకు చెప్పాలనుకున్నది. వస్తువు వెనక ఏముండాలో అది ఆ లోకంలో ఉందా? చేసినవాడు, చేసిన సరుకు, తెచ్చిన దారి, వాడిన చెయ్యి.

మా సొంత ఆట దగ్గరికి వస్తాను. మేం నలుగురం కలిసి మొదలుపెట్టాం, తిరుపతిలోనే, మేడ మీద ఒక గది. కథ ఒక పాడుపడ్డ కోటలో. చంద్రగిరి చూసి వచ్చిన ఐడియానే, ఒప్పుకుంటాను. అందులో ఒక దీపం గూడు ఉంది. మట్టి ప్రమిద, ఒత్తి, మంట. ఆ మంట మీద మా యానిమేటర్ రెండు వారాలు కూర్చున్నాడు. గాలి వస్తే వంగుతుంది, మనిషి పక్కన నడిస్తే రెపరెపలాడుతుంది. నేను గర్వంగా ఇంటికి తీసుకెళ్లి మా అవ్వకి లాప్‌టాప్‌లో చూపించాను.

ఆమె కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "కొత్త ఇల్లా?" అంది.

"కాదవ్వా, మూడొందల ఏళ్ల కోట."

"మరి గూట్లో మసేదిరా?"

నేను నోరు మూసుకున్నాను. ఆమె ఆపలేదు. "నూనె కారిన జిడ్డేదీ? ఒత్తి ఎగదోసే పుల్లేదీ? దీపం రోజూ పెట్టే ఇల్లు ఇట్లుంటుందా?"

మర్నాడు మూడు పనులు చేశాం. గూడు పైన గోడ మీద నాలుక ఆకారంలో నల్లటి మసి, కింద అంచు నుంచి కారి గోడలోకి ఇంకిపోయిన జిడ్డు చార, ప్రమిద పక్కన కొస కాలిన ఒక పుల్ల. మంటని ముట్టుకోలేదు. టెస్టింగ్‌కి వచ్చిన ఒక అబ్బాయి అప్పటిదాకా ఆ గూడు దాటి పరుగెత్తేవాడు, ఆ రోజు ఆగాడు. "అన్నా, ఇక్కడ ఎవరో ఉంటున్నారు" అన్నాడు. మా కథలో అక్కడ ఎవరూ లేరు. కానీ వాడన్నది నిజం కదా, మసి ఉందంటే ఏళ్ల తరబడి ఎవరో వెలిగించారు, మంట ఉందంటే ఈ సాయంత్రం కూడా వెలిగించారు. అప్పుడు కథ మార్చి ఒక ముసలామెని పెట్టాం. ఇప్పుడు మా ఆటలో అందరికీ గుర్తుండే పాత్ర ఆమే. మా అవ్వ మాత్రం "నా పోలికలు లేవు" అంటుంది.

స్కైరిమ్‌లో కూడా ఈ చిక్కు ఉంది. వందల ఏళ్లుగా మూసి ఉన్న సమాధుల్లోకి వెళ్తే కొవ్వొత్తులు వెలుగుతూ ఉంటాయి. ప్లేయర్లు దీని మీద బోలెడు జోకులు వేసుకున్నారు. అయితే ఆ ఆటలోనే దొరికే ఒక పుస్తకంలో, సమాధుల్లోని శవాలు అప్పుడప్పుడూ లేచి, తమ దొర పెట్టెకి మొక్కి, చుట్టూ శుభ్రం చేసి మళ్లీ పడుకుంటాయని రాసి ఉంటుంది. అది చదివాక కొవ్వొత్తి చూస్తే నవ్వు రాదు, కొంచెం ఒళ్లు జలదరిస్తుంది. ఒక పుస్తకంలోని రాతతోనే పని జరిగింది, కొవ్వొత్తి బొమ్మ మార్చలేదు.

తర్వాత ఇత్తడి గిన్నెల గొడవ. కోటలో వంటగది చేశాం, ఇత్తడి గిన్నెలు పేర్చాం. మా టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ల నాన్నకి పాత పాత్రల వ్యాపారం. ఆమె అడిగింది, "లోపల కూడా పసుపు రంగే వేశారే, పులుసు ఇందులోనే కాస్తారా?" ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుము పడుతుంది, తింటే వాంతులు. అందుకే లోపల కళాయి, అంటే తగరం పూత, వేయించాలి, తెల్లగా. మీ ఇళ్లల్లో అడగండి, ఇంకా గుర్తున్నవాళ్లుంటారు. సరే, లోపల తెల్ల రంగు వేస్తే అయిపోయేది. కానీ కళాయి ఉందంటే కళాయి వేసేవాడు ఉండాలి, తగరం ఉండాలి. ఆ కొండ కింద తగరం దొరకదు, ఎక్కడి నుంచో రావాలి.

అలా కోట బయట వేపచెట్టు కింద ఒకాయన వచ్చి కూర్చున్నాడు. నేలలో గుంట, తోలు తిత్తి, బొగ్గులు. గిన్నె బాగా కాగాక నవాసారం చల్లుతాడు, తెల్లటి పొగ లేస్తుంది. తగరం బద్దతో ఒక్కసారి అలా తాకిస్తాడు, దూది ఉండతో గిరగిరా తుడుస్తాడు, గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు తెల్లబడుతుంది. ఆ ఒక్క యానిమేషన్‌కి మాకు నెల పట్టింది, డబ్బులు కూడా అయ్యాయి. దండగ అనుకున్నాం. కానీ ఊరూరా తిరిగేవాడు కదా, అన్ని ఊళ్ల కబుర్లూ ఆయన దగ్గరుంటాయి. ఇప్పుడు ప్లేయర్‌కి సగం పనులు ఆయన నోటి నుంచే వస్తాయి. గిన్నె లోపలి రంగు దగ్గర మొదలైన వ్యవహారం ఇది.

పుస్తకాల సంగతి కొంచెం చెప్పి ముందుకెళ్తాను, ఎందుకంటే మీరందరూ చేసే తప్పు ఇదే. ఆన్‌లైన్‌లో అసెట్ ప్యాక్, అంటే ఎవరో ముందే చేసి పెట్టిన వస్తువుల కట్ట, కొంటారు, అందులో తోలు అట్టల పుస్తకాలుంటాయి, తెచ్చి అల్మారాలో పేర్చేస్తారు. మేమూ పేర్చాం. విజయనగర రాజుల కాలం గుర్తొచ్చేలాంటి కోటలో లావుపాటి తోలు పుస్తకాలు! తీసేసి తాటాకు కట్టలు పెట్టాం. రెండు చెక్కల మధ్య ఆకులు, కన్నంలోంచి దారం, పక్కన గంటం. గంటంతో గీసిన అక్షరం కనపడాలంటే మసి పూసి తుడవాలి, అది కూడా పెట్టాం.

అక్కడే ఒక మంచి పని దొరికింది. అన్నమాచార్యుల కీర్తనలు మనకి మిగిలింది ఎలాగో తిరుపతి వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రం చేశారు కాబట్టి. ఆయన 1503లో పోయారు, రేకులు ఇప్పటికీ ఉన్నాయి. తాటాకైతే చెదలు తింటుంది, మళ్లీ మళ్లీ ఎత్తి రాయాలి. మా ఆటలో దీన్నే నియమం చేసుకున్నాం. రోజువారీ ఉత్తరాలు, లెక్కలు తాటాకు మీద. తరతరాలు నిలవాలనుకున్న మాట మాత్రం రాగిరేకు మీద. ఇప్పుడు ప్లేయర్‌కి మట్టిలో రాగి తళుకు కనిపిస్తే చాలు, ఇంకా చదవకముందే గుండె కొట్టుకుంటుంది. పైన బాణం గుర్తు పెట్టి 'ఇంపార్టెంట్' అని రాయక్కర్లేదు.

జెండా రంగుల దగ్గర కూడా దెబ్బ తిన్నాం. మా ఆర్టిస్టు మెరిసే చిలకపచ్చ జెండా వేశాడు. నేను వాణ్ణి శ్రీకాళహస్తి తీసుకెళ్లి కలంకారీ వేసే ఇంట్లో ఒక పూట కూర్చోబెట్టాను. గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు, రంగు పాకకుండా. చింతపుల్ల బొగ్గుతో గీస్తారు. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక. ఆకుపచ్చ కావాలంటే పసుపు మీద నీలం ఎక్కాలి. సాయంత్రం బస్సులో వాడు అన్నాడు, "అన్నా, ఆ చిలకపచ్చ ఎవరి దగ్గరా లేదు." లేదు కదా. మీ లోకంలో చిలకపచ్చ పెట్టకూడదని కాదు. పెడితే అది రాణి ఒంటి మీదే ఉండాలి, దాని కోసం ఎవరో అడవులు పట్టి తిరిగి ఉండాలి. కాపలావాడి తలపాగాకి కూడా అదే రంగు వేస్తే రాణి చీర విలువ పోయినట్టే.

ఇక టెక్నికల్ సంగతులు తొందరగా. చుట్టూ వస్తువులన్నీ 1కే టెక్స్చర్‌లో, అంటే తక్కువ స్పష్టత ఉన్న పై పూత బొమ్మతో, ఉంటే మీ ఒక్క గిన్నె బాగా స్పష్టమైన 4కే పెట్టకండి, షోరూమ్‌లోంచి తెచ్చినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. సైజు చూసుకోండి, మనిషి బొమ్మని పక్కన నిలబెట్టి. అరుగుదల అంతటా ఒకేలా పూయకండి, చెయ్యి తగిలే చోటే అరగాలి. చంద్రగిరి రాజమహల్ చెక్క వాడకుండా కట్టారు, అలాంటి మేడ గీస్తూ లోపల టేకు దూలాలు పెట్టకండి. మేం పెట్టాం, తర్వాత తీశాం. అంతే.

తమాషా కోసం చేసేవి వేరే. స్కైరిమ్ డ్రాగన్‌కి బదులు పిల్లల కార్టూన్‌లోని రైలింజన్ పెట్టారొకరు, కొండ మీంచి కూత వేసుకుంటూ నిప్పులు కక్కుతుంది. నేను పడీపడీ నవ్వాను. అది వాచీ కాదు. పగటివేషగాడు వచ్చాడు, వేషమని చెప్పే వచ్చాడు. గంగ జాతరలో వేషాలు చూసి మనం కోప్పడతామా?

ప్రశ్నలుంటే అడగండి. ఆ అమ్మాయి, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: "అన్నా, మా ఆటలో మంత్రశక్తి ఉంది. టార్చ్‌లైట్ లాంటిది కావాలి. మంత్రంతో వెలిగే రాయి అని పెడితే సరిపోతుంది కదా?")

సరిపోతుంది, పెట్టు. కానీ పెట్టాక నూనె అమ్మేవాడి సంగతి ఏం చేస్తావ్? వెలిగే రాయి ఉన్న ఊళ్లో జనం ఇంకా దీపాలు ఎందుకు పెడతారు? రాయి ఖరీదా? అయితే పేదింట్లో దీపం, షావుకారు ఇంట్లో రాయి, దొంగకి పని. లేదా రాయి పట్టుకుంటే చెయ్యి కాలుతుందా? అయితే గుడ్డ చుట్టి పట్టుకోవాలి, ఆ గుడ్డ మాడి ఉండాలి. మంత్రం అంటే లెక్క తప్పించుకోవడం అనుకోకు, ఇంకో లెక్క మొదలవడం. మీ ఆటలో ఏం చేస్తుంది ఆ రాయి?

(విద్యార్థిని: "ఇంకా అనుకోలేదన్నా.")

అనుకో. ఈ రోజే అనుకో. ఇంకెవరైనా? నువ్వు, బాబూ.

(ఒక విద్యార్థి: "ఇంత చేస్తే ఎవరు గమనిస్తారు సార్? ప్లేయర్లు స్కిప్ కొట్టుకుంటూ పోతారు.")

నిజమే, పోతారు. మా కళాయి ఆయన ముందు ఆగనివాళ్లు ఆగినవాళ్లకన్నా ఎక్కువే. అయినా నువ్వు నాకొకటి చెప్పు, దుర్యోధనుడి వాచీ కోసం ఆ రోజు ఎవరైనా వెతికారా? ఎవరూ వెతకలేదు. ఊరికే కనపడింది.

టైమ్ అయిందంటున్నారు. నాకు వాచీ లేదు, మీరే చెప్పాలి. సరే, ముందే అనుకున్నట్టు ఒక్కొక్క టీమ్ ఒక్కొక్క వస్తువు చేసి తెచ్చారు కదా. బొమ్మ తర్వాత చూద్దాం. మొదటి బెంచీ వాళ్లు లేచి, మీ వస్తువు ఎవరు చేశారో, ఎంతకమ్ముతారో, పగిలిపోతే ఎక్కడ పారేస్తారో చెప్పండి. లాప్‌టాప్ మూసేసే చెప్పండి.